గద్వాలలో ఒక సాయంత్రం మిగిలితే..

కొత్తగా ఉద్యోగంలో చేరితే మొదటి ఫీల్డ్ విజిట్ గద్వాల లాంటి ఊరికే పడొచ్చు. ‘అక్కడేముందిరా?’ అని ఫ్రెండ్స్ నవ్వుతారు. పని నాలుగింటికే అయిపోయి, రైలు రాత్రికుంటే చాలామంది లాడ్జిలో ఫోన్ పట్టుకుని పడుకుంటారు. మీరు మాత్రం బయటికి రండి.

ముందు కోటకు వెళ్లండి. సోమనాద్రి కట్టించిన మట్టికోట అది. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కూడా ఉంది. కోటలో క్లాసులు! నిన్నమొన్నటి మీలాంటి వాళ్లే అక్కడ బ్యాగులతో తిరుగుతుంటారు.

తర్వాత నేతన్నల ఇళ్ల వైపు నడవండి. అడిగితే మగ్గం చూపిస్తారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. అందుకే మూడు నాడెలు ఆడతాయి: ఒంటికి ఒకటి, రెండంచులకు చెరొకటి. నూలూ పట్టూ కలిసేచోట పోగులో పోగు పెనవేసుకోవాలి. చేయి ఎంత తిరిగినా తొందర కుదరదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో శ్రీవారికి సమర్పించే జోడు పంచెలూ ఇక్కడే నేస్తారు.

మీది బ్యాంకు ఉద్యోగమే అనుకోండి. లోన్ ఫారంలో ‘నెలసరి ఆదాయం’ అనే గడి పొద్దున మీరే నింపి ఉంటారు. చీర మగ్గం దిగితేగానీ కూలి చేతికి రాదని చూశాక, వాయిదా తేదీ ఎప్పుడైతే వీలో నేతన్ననే అడుగుతారు.

ఒక్క జాగ్రత్త. ఫొటోల కోసం మగ్గం ఆపించకండి. ఆగిన టైమంతా వాళ్ల కూలిలోంచే పోతుంది.