రక్తపరీక్ష బాగుందని మందు మానకండి!

"డాక్టరుగారూ, రక్తపరీక్షలో అన్నీ మామూలుగానే ఉన్నాయన్నారు. పిల్లవాడికి అన్నం సయించటంలేదని మాత్రలు నేనే మానిపించాను."

ఆరేళ్ల కొడుకును వెంటబెట్టుకొచ్చిన ఒక తల్లి అన్న మాటలివి. ఆ పిల్లవాడిది ల్యుకేమియా, అంటే రక్తకాన్సరు. ఆమెను తప్పుపట్టలేం. కాగితం మీద అంకెలన్నీ సరిగా ఉంటే జబ్బు పోయిందనే ఎవరైనా అనుకుంటారు. కాని ఆ కాగితం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో మీకు తెలిసి ఉండాలి.

ఈరోజుల్లో రక్తకణాలను యంత్రమే లెక్కపెడుతుంది. అమెరికాలో వాలెస్ కూల్టర్ 1953లో పేటెంటు పొందిన పద్ధతి దీనికి మూలం. ఉప్పునీటిలో కలిపిన రక్తాన్ని కరెంటు పారే సన్నని రంధ్రంగుండా పోనిస్తారు. కణం దూరినప్పుడల్లా కరెంటుకు అడ్డు తగులుతుంది. ఎన్నిసార్లు అడ్డు తగిలితే అన్ని కణాలు. ఎంత అడ్డు తగిలితే అంత పెద్ద కణం. తేడాగా ఉన్న కణాలు కనబడితే యంత్రం అనుమానం గుర్తు పెడుతుంది. అప్పుడు రక్తాన్ని స్లయిడు మీద పూసి మైక్రోస్కోపులో మనిషి చూడవలసిందే. ఆ గుర్తు చూసి బెంబేలు పడకండి. వైరస్ జ్వరాలలోకూడా అది రావచ్చు.

అసలు చిక్కేమిటంటే, ఈ జబ్బు పుట్టేది ఎముకల్లోని మూలగలో. తిరగబెట్టినా చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. జబ్బు బయటపడేనాటికి ఒంట్లో లక్షకోట్లదాకా కాన్సరు కణాలుంటాయి. మైక్రోస్కోపుకు కనబడటం మానేసిన రోజునకూడా వందల కోట్లు మిగిలి ఉండవచ్చు. చేత్తో లెక్కపెట్టేటప్పుడు మామూలుగా చూసేది 100 తెల్లకణాలనే. చిటికెడు బియ్యం చూసి బస్తాలో రాళ్లు లేవన్నట్టే మరి!

ఆ మిగిలినవాటిని పట్టుకొనేది ఫ్లో సైటోమీటరు అనే మరో యంత్రం. కణాల ఒంటిమీది గుర్తులకు అంటుకొనే మెరుపు పదార్థాలు కలిపి, కణాలను ఒక్కొక్కటిగా లేసరు వెలుగు ముందునుంచి పంపుతారు. 10,000 కణాలలో ఒక్క కాన్సరు కణమున్నా ఇది పోల్చుకుంటుంది. గ్లాసెడు బియ్యంలో ఒక్క రాయి అనుకోండి. పిల్లలలో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ రకంలో, వైద్యం మొదలెట్టిన సుమారు నెలరోజులకు, తుంటి ఎముకనుంచి మూలగ తీసి ఈ పరీక్ష చేస్తారు. ఏమీ కనబడకపోతే తిరగబెట్టే ప్రమాదం తక్కువ. కనబడితే మందుల జోరు పెంచుతారు. ఖర్చయినా, డాక్టరు చెబితే ఈ పరీక్ష వాయిదా వెయ్యకండి.

1948లో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు అమైనోప్టెరిన్ ఇచ్చినట్టు ప్రకటించాడు. ఆ మందును అందించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందమే. 10 మందికి గుణం కనిపించింది, కాని అది తాత్కాలికమే. ఈనాటి మెథోట్రెక్సేట్ దానికి తోబుట్టువు. ఇప్పుడు అనేక మందులు కలిపి రెండు మూడేళ్లు వాడటం ఆ దాగిన కణాలకోసమే.

చివరి దశలో మెర్‌కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే ఇస్తారు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. ఆ రోజును కాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఈ దశలో తెల్లకణాలు కాస్త తక్కువగా ఉండాలనే డాక్టరు కోరుకుంటాడు. కనక లెక్క "మామూలు"గా ఉండటం ఒక్కొక్కసారి మాత్రలు సరిగా పడటంలేదనటానికి గుర్తు కావచ్చు!

రిపోర్టులన్నీ తేదీలవారీగా ఒకే ఫైలులో ఉంచండి. ఒక్క అంకెకంటే నాలుగు నెలల అంకెల నడక ఎక్కువ చెబుతుంది. కొత్తగా పాలిపోవటం, కమిలిన మచ్చలు, ఎముకల నొప్పులు కనిపిస్తే తదుపరి పరీక్ష తేదీదాకా ఆగకండి. వాంతులతో తెల్లవారుజామున తలనొప్పి, మగపిల్లలలో వృషణం వాపు వస్తే రక్తం లెక్క ఎంత బాగున్నా వెంటనే చూపించండి. మెదడు చుట్టూ, వృషణాలలో దాగిన జబ్బు రక్తపరీక్షలో తెలియకపోవచ్చు. జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ తల్లి మాత్రలు మానిపించి పదకొండు రోజులైంది. దాచకుండా చెప్పింది కనక సరిపోయింది. చెప్పకపోతే, తెల్లకణాలు పెరిగాయి, మోతాదు చాలటంలేదని నేను పెంచి ఉండేవాణ్ణి. పాత మోతాదే మళ్లీ మొదలుపెట్టి, రెండు వారాల తరువాత రక్తపరీక్షకు రమ్మన్నాను.