నిన్నటి పేపరులో వచ్చే ఏటి పని



మా పాలకుర్తి హోటళ్ళలో పొద్దున్నే ఒక పేపరు నాలుగు ముక్కలవుతుంది. రాజకీయాల పుట ఒకరి చేతిలో, సినిమా పుట మరొకరి చేతిలో వుంటుంది. జిల్లా వార్తల పుట మాత్రం చాలాసార్లు మిర్చి బజ్జీల కిందికి పోతుంది. ఈ పూట ఆ పుటను గురించే నాలుగు మాటలు చెప్పదలిచాను.

ఒక తప్పుతో మొదలుపెడతాను. అది నాదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకనాడు ఆ పుటలో మూడు పంక్తుల వార్త చూశాను. పక్క మండలంలో ఒక రైతు ఎడ్లు రెండు జొన్నచేలో మేసి చనిపోయినవని. అయ్యో పాపం అనుకొని పేపరు మడిచాను. పదిరోజులు తిరక్కముందే నేను చూసే ఊళ్ళో ఒక పెద్దాయన బర్రెలు రెండు అదే విధంగా పోయినవి. అప్పటికి వాన చినుకు లేక ఇరవై రోజులు. మేతకు వేసిన జొన్న మోకాలెత్తున వాడి నిలబడి వుంది. పరామర్శకు వెళితే ఆయన కోపపడలేదు. “సారూ, గీ ముచ్చట పేపర్ల అచ్చిందట గద, మీరు సదువలేదా?” అని మాత్రం అడిగాడు. చదివానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

దీన్ని నాము అంటారు. మన పెద్దలకు తెలిసినదే. లేత జొన్నలోను, వాన లేక వాడిన జొన్నలోను, కోసిన మోడుకు చిగిర్చిన పిలకల్లోను సైనైడు విషం పుట్టే గుణం వున్నది. వాన వెనక్కు పోయింది ఒక్క రైతు చేనుకు కాదు గదా, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పోయింది. కాబట్టి ఆ వార్త రెండు ఎడ్ల వార్త కాదు. ఆ వారం జొన్న వాడివున్న ప్రతి ఊరికీ సంబంధించిన వార్త. పూత రాకముందు పశువును జొన్నలోకి తోలవద్దు, మేసిన పశువు కడుపుబ్బి రొప్పుతూ పడిపోతే వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి, సూదిమందు వున్నది అని నేను ఆనాడే చాటింపు వేయించి వుంటే ఆ బర్రెలు మిగిలేవేమో.

అప్పటినుంచి నాకొక అలవాటు పడింది. అటువంటి వార్త కనిపిస్తే కత్తిరించి నోటుబుక్కులో అంటిస్తాను. పక్కన తేదీతోపాటు కార్తె రాస్తాను. అప్పటి వాన సంగతి రాస్తాను. పోయిన ఏడు ఇదే కార్తెలో ఇటువంటిది వచ్చిందా అని వెనక్కు తిప్పి చూస్తాను. ఒక్కసారి వచ్చింది ప్రమాదం కావచ్చు. ఏటేటా అదే కార్తెలో వస్తే అది ఊరి సమస్య. పత్తిలో తేమ ఎక్కువని ధర కోశారనే వార్త సంగతే చూడండి. తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత పడుతుంది. 12 దాటితే భారత పత్తి సంస్థ కొననే కొనదు. ఇది తెలియక కాదు, ఆరబెట్టుకునే జాగా లేక తెచ్చేవారు ఎంతమంది? ఊరికి నాలుగు కల్లాలు కావాలనే సంగతి ఆ వార్తలో రాసి వుండదు. మనమే చదువుకోవాలి.

పేపరుతో ఒక చిక్కున్నది. అది నష్టం జరిగిన తరువాతనే రాస్తుంది. ఎర్ర గొంగళి పురుగు చేనంతా తిన్న తరువాతగాని ఫొటో పడదు. అప్పుడు మందు కొట్టినా వెంట్రుకలు దట్టంగా పెరిగిన పెద్ద పురుగు ఒక పట్టాన చావదు. మరి ఆ వార్త ఎందుకు? వచ్చే ఏటికి. మనకు దగ్గరలోనే, లింగాల ఘనపురం మండలంలో ఏనెబావి అని చిన్న ఊరున్నది. అప్పుడది వరంగల్ జిల్లా, 2016 నుంచి జనగామ జిల్లా. 1990 దశకంలో అక్కడి ఆముదపు చేలకు ఈ పురుగే పెద్ద శత్రువు. ఈ పురుగు నడత చూస్తే దాని బలహీనత తెలుస్తుంది. కోశదశలో నేలలో, గట్లలో పడివుంటుంది. తొలకరి పెద్దవాన పడగానే రెక్కల పురుగులు ఒక్కుమ్మడిగా బయటికి వచ్చి వందలకొద్దీ గుడ్లు పెడతవి. అవి వెలుతురుకు వచ్చిపడతవి. ఆ కొద్దిరోజులు పొద్దుగూకినాక ఊరంతా చేలల్లో మంటలు వేస్తే, దీపపు ఎరలు పెడితే, గుడ్లు పెట్టకముందే చాలావరకు చస్తవి. అయితే ఒక్కడు వేస్తే లాభం లేదు. పక్కచేలో పుట్టిన గొంగళ్ళు దండుగా కదిలి ఇతని చేలోకే వస్తవి. జనగామలోని క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఏనెబావి రైతులు కలిసి ఈ పని చేశారు. కలిసి చేయడం అలవాటైనాక వేపకషాయాలు, పశువుల ఎరువు దాకా వెళ్ళారు. 2006 నాటికి రసాయన ఎరువులు, పురుగుమందులు వాడని ఊరుగా పేరుపొందారు.

పేపరు రాసిందల్లా నమ్మమని నేననను. “వందల ఎకరాలు” అని రాసిన చోట వెళ్ళి చూస్తే ఇరవై ఎకరాలే వుండవచ్చు. ఒక్కోసారి రాసినదానికి రెట్టింపు కూడా వుంటుంది. గట్టు మీద నడవనిదే తెలియదు.

ఇక సమస్యలేనా, లాభం మాట లేదా అంటారు. వున్నది. శివరాత్రి ముందురోజుల్లో కందగడ్డల ధర పెరిగిందని వార్త వస్తుంది. మన సోమేశ్వరుని జాతర, ఇంటింటా ఉపవాసం. గడ్డ లేనిదే గడవదు. ఆ వార్త చదివి ఆరోజు చేసేదేమీ లేదు. కాని లెక్క వేయండి. కందగడ్డ సుమారు నాలుగు నెలల పంట. దీపావళి నుంచి శివరాత్రికి నాలుగు నెలలు. అంటే దసరా, దీపావళి నడుమ తీగ నాటితే గడ్డ పండుగకు అందుతుంది. నీరు నిలవని ఎర్ర చెలక, కాస్త బావినీరు వుంటే చాలు. ముక్కుపురుగు లేని తీగ తీసుకోవాలి, గడ్డలు బయటపడకుండా మట్టి ఎగదోయాలి. అందరూ ఎకరాలకెకరాలు వేయవద్దు సుమా! పండుగ దాటితే అడిగేవాడుండడు. నలుగురైదుగురు కలిసి తలా పది గుంటలతో మొదలుపెట్టండి. తీగ ఎవరి దగ్గర దొరుకుతుందో మాత్రం బతుకమ్మ పండుగకు ముందే అడిగి పెట్టుకోండి.