ఓవెన్ లేని ఇంట్లో ఉగాది చాక్లెట్లు

మన భివండిలో వసంతం వచ్చిందని చెప్పడానికి కోయిల కూయనక్కరలేదు. కూసినా సాంచాల చప్పుడులో వినపడదు. హోలీకి పిల్లల మెడల్లో చక్కెర పేర్లు పడ్డాయంటే వసంతం వచ్చినట్టే. ఇవే పేర్లను మరాఠీ సోదరులు ‘సాఖర్‌గాఠీ’ అంటారు, పాడ్వా నాడు గుఢీకి కడతారు. మన ఉగాదీ ఆ రోజే. మన భక్ష్యాలూ, వారి పూరన్‌పోళీ అక్కచెల్లెళ్ళే.

అయితే నేటి పిల్లలు చక్కెర పేర్లు ఫొటో కోసం వేసుకుంటారు, ఒక బిళ్ళ కొరికి మిగిలింది చీమలకు వదిలేస్తారు. వారికి కావలసింది చాక్లెట్. అందుకని పండుగకు ఒక చాక్లెట్ డబ్బా కొని చేతిలో పెట్టడం చాలా ఇళ్ళలో అలవాటైపోయింది. కామర్సు చదివినవాణ్ణి గనుక నేను డబ్బా మీది బొమ్మ కన్నా ముందు నికర బరువు అచ్చువేసిన మూల చూస్తాను. అట్ట ఎంత, లోపల గాలి ఎంత, సరుకెంత? ఒకసారి మీరూ చూడండి. ఆ డబ్బుతో ఇంట్లో చేసుకుంటే వాడకట్టు పిల్లలందరికీ పంచవచ్చు.

‘మా ఇంట్లో ఓవెన్ ఎక్కడిది?’ అంటారేమో. అవసరమే లేదు. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక భివండిలో సాంచాలు ఇంకా పెరిగాయి, పని వెతుక్కుంటూ కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి మనవారు మరింతమంది వచ్చారు. పద్మానగర్, కామత్‌ఘర్ గదుల్లో ఇరుక్కుని కాపురాలు చేసి, ఒక్క పొయ్యి మీద పండుగ వంటలన్నీ చేసిన తల్లులు మన వాళ్ళు. వారికి ఓవెన్ లేని వంట నేర్పడం హనుమంతుడికి కుప్పిగంతులు నేర్పడమే! కాబట్టి చాక్లెట్ స్వభావం మాత్రం చెబుతాను.

అసలు చాక్లెట్‌లో ఉండేది కోకో వెన్న. అది సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది, అంటే మన ఒంటి వేడికే. అందుకే నోట్లో అంత హాయిగా జారిపోతుంది. అందుకే మన ఊరి ఎండలో చేతిలోనూ జారిపోతుంది. దాన్ని కరిగించి మళ్ళీ నిగనిగలాడేలా గట్టిపరచాలంటే వేడిని మెట్లు మెట్లుగా దింపాలి, అది నేర్చినవారి పని. దుకాణాల్లో ‘కాంపౌండ్’ పేరుతో అమ్మే చాక్లెట్ పలకలో కోకో వెన్న బదులు వేరే కొవ్వు ఉంటుంది. రుచి ఒక మెట్టు తక్కువే, ఒప్పుకోవాలి. కాని కరిగించి పోస్తే చాలు, దానంతట అదే గట్టిపడుతుంది, వేడికి కాస్త ఓర్చుకుంటుంది. మన పనికి అదే మేలు.

కరిగించేటప్పుడు గిన్నెను మంట మీద పెట్టకండి. ఒక గిన్నెలో నీళ్ళు మరగనిచ్చి, పొయ్యి ఆర్పేసి, దాని మీద పొడి స్టీలు గిన్నె పెట్టి, అందులో చాక్లెట్ ముక్కలు వేసి కలపండి. పై గిన్నె అడుగు నీళ్ళకు తగలకూడదు. ఒక్క చుక్క నీరు లోపల పడిందా, చక్కెర రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకుని మొత్తం పేడముద్దలా బిగుసుకుపోతుంది. అప్పుడు పారేయకండి, వేడి పాలు పోసి చిక్కగా కలిపి రొట్టె మీద పూసుకోండి.

ఇక అసలు వంటకం. పడమటి దేశాల్లో ఈస్టర్ పండుగకు చాక్లెట్‌తో పిట్టగూళ్ళు చేసి పిల్లలకిస్తారు. మనకు సేమ్యా ఉండగా గూటికి పుల్లలు వెతకాలా? సన్న సేమ్యా 100 గ్రాములు రెండు చెంచాల నెయ్యిలో ఎర్రగా, కరకరలాడేలా వేయించి పూర్తిగా చల్లారనివ్వాలి. 250 గ్రాముల కాంపౌండ్ కరిగించి అందులో కలపాలి. గుంతపొంగణాల పెనంలో గుంతకొక చిన్న వెన్న కాగితం పరిచి, చెంచాడు చొప్పున వేసి, మధ్యలో వేలితో నొక్కి, మూడు కిస్‌మిస్‌లు గుడ్లలా పెట్టండి. ఫ్రిజ్‌లో అరగంట చాలు. ఈ మధ్య పిల్లలు వెర్రెత్తిపోయిన ‘దుబాయి చాక్లెట్’ లోపల కరకరలాడేదీ ఇలాంటి సన్నని పోగులే, పిస్తా ముద్దతో కలిపి పెడతారు. సిరిసిల్ల అన్నదమ్ముల్లో ఒకరు భివండికీ ఒకరు దుబాయికీ వెళ్ళిన ఇళ్ళు ఎన్ని లేవు! ఆ డబ్బా అటునుంచి రావాలని ఎదురుచూడనక్కరలేదు.

రెండోది బిస్కెట్ చుట్ట. మారీ బిస్కెట్లు 200 గ్రాములు మెత్తగా పొడి చేసి, రెండు చెంచాల కోకో పొడి, సగం డబ్బా గట్టిపాలు కలిపి చపాతీ పిండిలా తడపండి, చాలకపోతే చెంచాడు పాలు. ప్లాస్టిక్ కవరు మీద వెడల్పుగా ఒత్తి, పైన ఎండు కొబ్బరి కోరు, చక్కెర పొడి, వెన్న, యాలకుల పొడి కలిపిన ముద్ద పరిచి, చాప చుట్టినట్టు చుట్టండి. రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి బిళ్ళలుగా కోయండి. నిప్పు లేని పని గనుక పిల్లలతోనే చేయించండి. పక్కన అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టండి. ‘గిద్దె’, ‘సోల’ అన్న మాటలు మన పిల్లలు బడిలో ఎలాగూ వినరు. హిందీ, మరాఠీ, ఇంగ్లీషు గడగడా మాట్లాడే పిల్లవాడు ఆ గంటసేపు తెలుగులో కొలతలు కొలిస్తే, నా దృష్టిలో చాక్లెట్ కన్నా అదే పెద్ద లాభం.

మరో మాట. కోకో కూడా చేదేనని చెప్పి ఉగాది పచ్చడి ఎగ్గొట్టే గడుగ్గాయిలుంటారు. వేపపువ్వు చేదు వేపపువ్వుదే. కొత్త కుండలోని పచ్చడి ఒక గ్లాసు తాగినవారికే చాక్లెట్ అని షరతు పెట్టండి. కావాలంటే ఊరిస్తూ ఇంకో సంగతి చెప్పండి. మన దేశంలో కోకో పంటకు ముందున్నది ఆంధ్రప్రదేశే. ఏలూరు, గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో ఆ చెట్లు పెరుగుతాయి. కాయ కోసి గింజలను కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి ఫ్యాక్టరీలకు పంపుతారు. కాబట్టి చాక్లెట్ మరీ పరదేశి ఏమీ కాదు.

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, ఆ మర్నాడే రంజాన్ పండుగ. మన సాంచాల మీద ఇరుపక్కల నిలబడేది మన పద్మశాలీలూ, అన్సారీ సోదరులూ. 1970లో, 1984లో ఈ ఊరు ఏమేం చూసిందో పెద్దలకు గుర్తే. ఎదురింటి షీర్‌ఖుర్మా గిన్నె ఖాళీగా తిప్పి పంపే ఆచారం మనకు లేదు కదా. ఈ సేమ్యా గూళ్ళలో గుడ్డు లేదు, జెలటిన్ లేదు, ఎవరింటికైనా నిస్సంకోచంగా పంపవచ్చు.

ఫ్రిజ్‌లోంచి తీసిన చాక్లెట్ మీద తెల్లని పొర కనిపిస్తే బూజు అనుకోకండి. కొవ్వో చక్కెరో పైకి తేలడమే అది, తినవచ్చు. గాలి చొరని డబ్బాలో పెడితే అంతగా రాదు. రాత్రి బస్సులో ఊరికి పంపేవారు గూళ్ళు పంపండి, అదీ చల్లగా ఉన్న డబ్బాకు తడి తుడిచి, కాగితాలు చుట్టి. వెన్న వేసిన చుట్ట మాత్రం ఇక్కడే తినేయండి, కరీంనగర్ చేరేసరికి దాని రూపం దానికే తెలియదు.