చీటీ ఫొటో మీద ముద్ర వేసేదెవరు?

మొయినాబాద్ మండలం చిన్న మంగళారంలో ఉన్న పెద్దవాళ్లు బీపీ, షుగర్ గోలీల కోసం ప్రతిసారీ బస్సెక్కి మెడికల్ షాపుకు పోవడం కష్టమే. ఫోన్‌లో ఆర్డరిచ్చి ఇంటికే తెప్పించుకోగలిగితే వారికి మేలు. కానీ ఆ దారినే నిద్రమాత్రలూ రాగలవు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆల్ప్రజోలం సంగతే చూద్దాం. మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాల ఉద్రేకాన్ని అణచి ఉంచుతుంది. ఈ మందు గాబా ప్రభావాన్ని పెంచుతుంది కాబట్టి ఆందోళన తగ్గి నిద్ర పడుతుంది. వారాల తరబడి వాడితే మెదడు దానికి అలవాటు పడుతుంది. అప్పుడు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. మద్యంతోనో, నల్లమందు జాతి నొప్పిమాత్రలతోనో కలిపి వేసుకుంటే ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో తరచూ దొరికే మందుల్లో ఇదొకటి.

అందుకే ఇలాంటి మందులకు మన చట్టం కాపలా పెట్టింది. 1945 నాటి ఔషధ నియమాల్లో 65వది ప్రకారం షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అనే జాబితాల్లోని మందులను డాక్టరు చీటీ మీదే అమ్మాలి. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టరు రాయకపోతే, ఆ చీటీ ఒక్కసారికే చెల్లుతుంది. మందిచ్చిన షాపు తన పేరు, చిరునామా, తేదీ చీటీ మీదే వేయాలి. ఆల్ప్రజోలం ఉన్న హెచ్1 జాబితాకు 2014 నుంచి వేరే రిజిస్టరు కూడా ఉంది. డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం అందులో రాసి 3 సంవత్సరాలు భద్రపరచాలి.

కాగితం మీద ముద్ర పడితే రెండో షాపువాడికి కనిపిస్తుంది. ఆన్‌లైన్ ఆర్డరుకు పంపే చీటీ ఫొటో మీద ముద్ర పడదు. ఒకే చీటీ ఫొటోను పది యాప్‌లకు పంపినా, ఒకరు ఇచ్చింది మరొకరికి తెలియదు.

2018 ఆగస్టులో కేంద్రం ఈ-ఫార్మసీల కోసం ముసాయిదా నియమాలు ప్రకటించింది. నమోదు తప్పనిసరి చేసి, మత్తు కలిగించే మందులను ఆన్‌లైన్‌లో అమ్మకూడదంది. అదే ఏడు డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలను ఆపమంది. ఆ ముసాయిదా ఏళ్లు గడిచినా తుది నియమాలుగా మారలేదు. ఈలోగా 2022 మేలో నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో హైదరాబాద్‌లో ఒక ఇంటర్నెట్ ఫార్మసీ గుట్టు రట్టు చేసింది. ఇక్కడి నుంచి అమెరికావాసులకు ఫోన్లు చేసి మత్తు కలిగించే మందులు అమ్మారన్నది అభియోగం. ఆ సోదాల్లో 3.71 కోట్ల రూపాయల నగదు దొరికింది.

ఆ అమెరికాలోనే 18 ఏళ్ల ర్యాన్ హెయిట్ ఇంటర్నెట్‌లో తెప్పించుకున్న నొప్పిమాత్రల వల్ల 2001లో చనిపోయాడు. 2008లో అతని పేరిట చట్టం వచ్చింది. డాక్టరు రోగిని కనీసం ఒక్కసారి నేరుగా పరీక్షించకుండా ఇలాంటి మందులు ఇంటర్నెట్ ద్వారా ఇవ్వకూడదన్నది దాని సారం. ఎస్తోనియాలో 2010 నుంచి డాక్టరు చీటీ నేరుగా కంప్యూటర్ వ్యవస్థలోకి చేరుతుంది. ఒక షాపు మందిచ్చిందంటే, అది దేశంలోని మిగతా షాపులన్నింటికీ తెలుస్తుంది.

మనకు కావలసిందీ అదే. ప్రతి చీటీకి ఒక నంబరు ఉండాలి. మందు చేతికందగానే ఆ నంబరు చెల్లకుండా పోవాలి. అమ్మింది చేవెళ్ల షాపైనా, ఎక్కడో ఉన్న యాప్ అయినా ఈ లెక్క ఒకటే కావాలి. ఆన్‌లైన్‌ను పూర్తిగా నిషేధిస్తే నడవలేని రోగులు నష్టపోతారు. పట్టించుకోకుండా వదిలేస్తే పిల్లల చేతికి నిద్రమాత్రలు చేరతాయి. చీటీ అడగకుండా ఇలాంటి మందు పంపుతామనే యాప్ కనిపిస్తే కొనకండి, ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయండి.