లాల నుంచి ఈత దాకా

చంటిబిడ్డకు నీటితో తొలి పరిచయం స్నానంతోనే. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లలో ఇప్పటికీ అది అమ్మమ్మో నాయనమ్మో కాళ్ల మీదే జరుగుతుంది. ఆమె పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా ఎగదోసి, కాళ్లు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుంటుంది. నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, చెంబుతో లాల పోస్తుంది. తల మీద పోసేటప్పుడు నుదుటి దగ్గర అరచెయ్యి అడ్డం పెడుతుంది. దాంతో నీళ్లు కళ్లలోకీ ముక్కులోకీ పోకుండా పక్కలకు జారిపోతాయి. ఆ తర్వాత బోర్లా తిప్పి వీపు మీద పోస్తుంది. ఏ ఈత శిక్షణకైనా పునాది ఈ పట్టే: బిడ్డ ఒళ్లు క్షణమైనా పెద్దల చేతిలోంచి జారదు.

అయితే పుట్టగానే నీళ్లు పోయకూడదు. కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటికి అంటుకుని ఉండే తెల్లటి పొర చర్మాన్ని కాపాడుతుంది. దాన్ని కడిగేస్తే ఆ రక్షణ పోతుంది, బిడ్డ ఒళ్లూ త్వరగా చల్లబడుతుంది. వణికి వేడి పుట్టించుకోవడం పసిగుడ్డుకు చేతకాదు. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు డాక్టరు చెప్పాకే స్నానం. నీళ్లు ఒంటి వేడికి దగ్గరగా, 37 డిగ్రీల ప్రాంతంలో ఉండాలి. మోచెయ్యి ముంచితే తెలిసిపోతుంది. కాళ్ల మీది స్నానాన్ని తప్పక నిలుపుకోవాలి. ముక్కులో నూనె చుక్కలు వేయడం, నోటితో ఊదడం, సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం మానేయాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు.

పసిపిల్లలకు ఈత పుట్టుకతోనే వస్తుందని చాలామంది నమ్ముతారు. నీళ్లలో పసికందులు కాళ్లూ చేతులూ లయగా ఆడించడాన్ని అమెరికా పరిశోధకురాలు మర్టిల్ మెక్‌గ్రా 1939లో వివరించారు. ముఖానికి నీళ్లు తగిలితే ఊపిరి బిగబట్టడం కూడా ఇలాంటిదే. ఇవి శరీరం తనంతట తాను చేసే స్పందనలు, నెలలు గడిచేకొద్దీ సన్నగిల్లుతాయి. ఆ వయసులో బిడ్డ నీళ్లలోంచి తల ఎత్తి గాలి పీల్చుకోలేదు. ఎక్కువ నీళ్లు మింగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. అందుకే వీడియోల్లో చూసినట్టు బిడ్డను ముంచి తేల్చడం ప్రమాదం.

ఈత పాఠాలు ఏడాది నిండాకే మొదలుపెట్టవచ్చని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది. అంతకన్నా ముందు నేర్పితే మునక ప్రమాదం తగ్గుతుందనడానికి ఆధారాల్లేవు. అప్పటిదాకా అమ్మో నాన్నో ఎత్తుకుని గోరువెచ్చటి నీళ్లలో ఆడించడం మంచిదే. కొలనులో నీళ్లు 32 డిగ్రీలకు తగ్గకూడదు, పెదవులు నీలిరంగుకు తిరిగితే వెంటనే పైకి తీయాలి. మెడకు తొడిగే గాలి రింగుల జోలికి పోకూడదు.

పాకే వయసు రాగానే ప్రమాదం ఇంట్లోనే మొదలవుతుంది. సగం నిండిన బకెట్టు చాలు. తల బరువుతో ముందుకు తూలిన బిడ్డ తనంతట తాను లేవలేదు, కేకా వినబడదు. స్నానం కాగానే బకెట్టు బోర్లించాలి, నేల తొట్టికి మూత పెట్టాలి.

సొంతంగా ఈదడానికి కావలసిన శక్తి చాలామంది పిల్లలకు నాలుగేళ్ల ప్రాయంలో వస్తుంది. అరటి బోదెనో ఎండు సొరకాయ బుర్రనో ఆసరాగా ఇచ్చి, పెద్దలు పక్కనే ఉండి చెరువుల్లో నేర్పింది కూడా పిల్లలు కాస్త ఎదిగాకే. వానాకాలంలో శారదా నదిలోగానీ, ఎప్పుడైనా పూడిమడక సముద్రపు అలల్లోగానీ ఆ పాఠం పనికిరాదు. నిలకడ నీరు, నడుము లోతు, ఈత వచ్చిన పెద్ద మనిషి, ఈ మూడూ ఉన్న చోటే మొదలుపెట్టాలి.