గళ్ళు నిండకపోతే మతిమరుపు వచ్చినట్టు కాదు

అరవై దాటినవారు బీపీ, షుగరు మందుల కోసం ఓపీకి వచ్చినప్పుడు చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ చివరగా అడిగే ప్రశ్న ఒకటుంటుంది. ‘‘మతిమరుపు రాకుండా ఏం చెయ్యాలి డాక్టరు గారూ?’’ చాలామందికి అప్పటికే ఇంట్లోవాళ్ళో స్నేహితులో సలహా ఇచ్చేసి ఉంటారు, రోజూ పజిల్స్ చెయ్యమని. దాంతో కొందరు తేలికపాటి పదవినోదాలు వదిలేసి నేరుగా క్రిప్టిక్ క్రాస్‌వర్డ్ ముందు కూర్చుంటారు. గంట గడుస్తుంది. ఒక్క గడి కూడా నిండదు. మెదడుకు మేలని మొదలుపెట్టిన పని కాస్తా కొత్త బెంగ తెచ్చిపెడుతుంది. ‘నా బుర్ర మొద్దుబారిపోయిందా?’ అని.

ముందే చెప్పేస్తాను. లేదు. మొదటిసారి క్రిప్టిక్ క్రాస్‌వర్డ్ పట్టుకున్నవారిలో ఎక్కువమందికి జరిగేది ఇదే. ఇరవై అయిదేళ్ళవారికైనా అంతే. ఎందుకు ఇరుక్కుపోతారు, ఎలా మొదలుపెట్టాలి, దీనివల్ల మెదడుకు నిజంగా ఎంత మేలు, అసలు భయపడాల్సిన మతిమరుపు ఎలా ఉంటుంది? ఒక్కొక్కటే చూద్దాం.

ఇది తెలివికి పరీక్ష కాదు

క్రాస్‌వర్డ్ మొదట అచ్చయింది 1913 డిసెంబరు 21న, అమెరికాలోని ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో. ఆర్థర్ విన్ కూర్చిన ఆ పజిల్‌లో ఆధారాలు సూటిగానే ఉండేవి. అర్థం ఇస్తే పదం చెప్పాలి, అంతే. దాన్ని మెలికలు తిప్పింది ఇంగ్లండ్ వాళ్ళు. 1920ల్లో ‘అబ్జర్వర్’ పత్రికకు గూఢమైన ఆధారాలతో పజిల్స్ కూర్చిన ఎడ్వర్డ్ పోయిస్ మాథర్స్ తన కలం పేరుగా ‘టార్కెమాడా’ అని పెట్టుకున్నారు. ఒకప్పుడు స్పెయిన్‌లో మతవిచారణల పేరుతో జనాన్ని హింసించిన అధికారి పేరు అది. పరిష్కరించేవాళ్ళకు ఏం జరగబోతోందో ఆయన ముందే చెప్పారన్నమాట! 1930 నుంచి లండన్ ‘టైమ్స్’లో, 1971 నుంచి మన దేశంలో ‘ది హిందూ’లో క్రాస్‌వర్డ్ వస్తోంది. తెలుగులో ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’, శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ ఈ చమత్కారాన్ని మన అక్షరాల్లోకి తెచ్చాయి.

గమనించాల్సింది ఏమిటంటే, దీనికి సొంత నియమాలున్నాయి. చదరంగంలో గుర్రం ఎలా నడుస్తుందో తెలియనివాడు ఓడిపోతే తెలివి తక్కువని అనం కదా! ఇదీ అంతే. నియమాలు తెలియకపోతే ప్రొఫెసరైనా బిక్కమొహం వెయ్యాల్సిందే.

ఆధారంలో రెండు ముక్కలు

క్రిప్టిక్ ఆధారాన్ని మామూలు వాక్యంలా చదివితే దారి తప్పుతాం. అందులో సాధారణంగా రెండు ముక్కలు అతికి ఉంటాయి. ఒకటి జవాబుకు సూటి అర్థం. ఇది ఎక్కువగా ఆధారానికి మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. రెండోది అదే జవాబును అక్షరాలతో కట్టే ఉపాయం. ఆ రెండింటి మధ్య అతుకు ఎక్కడుందో పట్టుకోవడమే ఆట. పక్కన బ్రాకెట్లో ఉండే అంకె జవాబులో ఎన్ని అక్షరాలున్నాయో చెబుతుంది. తెలుగులో గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిసి ఒకే గడిలో కూర్చుంటాయి. ‘బుట్ట’ రెండు గళ్ళే.

కొన్ని సొంత ఆధారాలతో చూద్దాం.

‘సర్కారు వసూలు చేసేది, డెంటిస్టు పీకేది (2)’. ఒకే పదానికి రెండు అర్థాలు. జవాబు: పన్ను.

‘ముంజలు బుట్టలో దాగిన జబ్బు (3)’. తాటిముంజల గురించి ఆలోచిస్తే లాభం లేదు. ‘దాగిన’ అన్నది సైగ. ‘ముంజలు బుట్టలో’ అన్న అక్షరాలను పక్కపక్కన చదవండి. ముం, జ, లు, బు, ట్ట, లో. మధ్యలో ‘జలుబు’ దొరుకుతుంది.

‘పిల్లాడు పలక తిరగేస్తే వడ్రంగికి సరుకు (3)’. ‘తిరగేస్తే’ అంటే వెనక నుంచి చదవమని. పలక వెనక నుంచి చదివితే కలప. ఇదే సూత్రంతో ‘పడక’ను తిరగేస్తే రాయలసీమలో ఏ ఊరు చేరతారో మీరే చూసుకోండి.

‘నెత్తికి కర్ర తగిలితే చేరేది పడక మీదకే (4)’. నెత్తి అంటే తల, కర్ర అంటే గడ. రెండూ తగిలిస్తే తలగడ. అది ఉండేదీ పడక మీదే.

ఇక ఇది మీకు. ‘కలం నడుమ మనసు మొదలుపెడితే విచ్చుకునే పువ్వు (3)’. వెంటనే తట్టకపోతే పట్టుబట్టి కూర్చోకండి. ముందుకు చదవండి.

తట్టకపోవడం కూడా మెదడు పనే

‘బుట్ట’ అనగానే మనకు బుట్టే కనిపిస్తుంది. అందులో అక్షరాలు కనిపించవు. ఇది లోపం కాదు. ఏళ్ళ తరబడి చదివిన అలవాటు. రోజువారీ జీవితంలో పదం చూడగానే అర్థం స్ఫురించడం మనకు చాలా అవసరం. క్రిప్టిక్ ఆధారం సరిగ్గా ఆ అలవాటునే ఎరగా వేస్తుంది.

అలవాటు మనల్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1942లో చూపించారు. మూడు కూజాలతో నీళ్ళు కొలిచే లెక్కలను వరసగా ఇచ్చారు. మొదటి లెక్కలన్నీ ఒకే పొడవాటి పద్ధతిలో తేలాయి. తరవాత చాలా సులువైన దారి ఉన్న లెక్కలిచ్చినా ఎక్కువమంది పాత పద్ధతినే పట్టుకు వేలాడారు. సులువైన దారి కళ్ళ ముందే ఉన్నా కనిపించలేదు. మనం గళ్ళ ముందు ఇరుక్కునేదీ ఇలాగే. బుర్ర ఆగిపోలేదు, పాత బాటలోనే నడుస్తోంది, అంతే.

ఆ బాట మారిన క్షణంలో ‘ఓహో!’ అంటాం. 2004లో అమెరికా పరిశోధకులు మాటల పజిల్స్ చేస్తున్నవారి మెదడును ఎఫ్‌ఎంఆర్‌ఐ, ఈఈజీలతో పరిశీలించారు. జవాబు ఉన్నట్టుండి స్ఫురించినప్పుడు మెదడు కుడివైపు టెంపొరల్ భాగం ముందువైపున చురుకుదనం పెరిగినట్టు గుర్తించారు. దూరదూరంగా ఉన్న అర్థాలను కలపడంలో ఆ భాగానికి పాత్ర ఉందని వారి అభిప్రాయం.

దీని నుంచి మనకు పనికొచ్చేది ఒకటుంది. పది, పదిహేను నిమిషాలు తిప్పలు పడ్డా తట్టకపోతే పేపరు మడిచి పక్కన పెట్టండి. మొక్కలకు నీళ్ళు పోయండి, వీధి చివరిదాకా నడిచి రండి. పట్టుకున్న తప్పుదారి కాస్త సడలుతుంది. తిరిగి వచ్చి చూస్తే చాలాసార్లు అదే ఆధారం వేరేగా కనిపిస్తుంది.

మేలు ఉంది, కానీ ఇది మందు కాదు

పజిల్స్ చేస్తే డిమెన్షియా రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. అంత గట్టిగా చెప్పగల ఆధారం వైద్యశాస్త్రం దగ్గర లేదు. ఉన్నదేమిటో చూద్దాం.

కొద్దిపాటి జ్ఞాపక సమస్యలు అప్పటికే మొదలైన 107 మందిని తీసుకుని అమెరికాలో ఒక పరిశోధన చేశారు. కొందరు కంప్యూటర్‌లో క్రాస్‌వర్డ్‌లు, మిగతావారు మెదడుకు మేతగా తయారుచేసిన ఆటలు, 78 వారాల పాటు చేశారు. 2022లో వెలువడిన ఫలితాల్లో క్రాస్‌వర్డ్ బృందమే కాస్త మెరుగ్గా ఉంది. అయితే అది చిన్న పరిశోధన. ఏ పజిలూ చెయ్యని బృందం అందులో లేదు. అవి క్రిప్టిక్ రకం కూడా కావు.

రెండోది స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జరిగింది. 1936లో పుట్టిన 498 మందిని పెద్ద వయసులో ఏళ్ళ తరబడి పరిశీలించారు. 2018లో వచ్చిన ఫలితం ఏమిటంటే, జీవితమంతా బుర్రకు పని చెప్పేవారి మేధాశక్తి మిగతావారికంటే పై స్థాయిలో ఉంది. కానీ వయసుతో అది తగ్గే వేగం మాత్రం మారలేదు. చెరువుతో పోల్చుకోండి. ఎండ అన్ని చెరువులకూ ఒకటే. నిండుగా ఉన్న చెరువు అడుగంటడానికి ఎక్కువ రోజులు పడుతుంది. చదువు, ఆలోచన, కొత్త విద్యలు నేర్వడం, ఇవన్నీ చెరువు నింపే పనులే.

మరి ఎండ తీవ్రతను తగ్గించేవి? డిమెన్షియాపై లాన్సెట్ కమిషన్ 2024లో మనం మార్చుకోగల 14 కారణాలను లెక్క తేల్చింది. చదువు తక్కువ కావడం, అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, అతి మద్యం, స్థూలకాయం, వ్యాయామం లేకపోవడం, వినికిడి లోపం, సరిచెయ్యని చూపు లోపం, కుంగుబాటు, ఒంటరితనం, తలకు దెబ్బలు, వాయు కాలుష్యం. వీటిని సరిచెయ్యగలిగితే సిద్ధాంతపరంగా దాదాపు 45 శాతం కేసులను నివారించడమో ఆలస్యం చెయ్యడమో సాధ్యమని ఆ నివేదిక చెప్పింది. బీపీ మాత్ర వేసుకోవడం మానేసి పొద్దస్తమానం గళ్ళు నింపుతూ కూర్చుంటే మెదడుకు నష్టమే ఎక్కువ. శుక్లం ఆపరేషన్, వినికిడి మిషను కూడా మెదడుకు చేసే సేవే.

అసలు భయపడాల్సింది ఎప్పుడు?

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా. తక్కువేమీ కాదు. అయితే దాన్ని గుర్తించాల్సింది కొత్త పజిల్‌తో కాదు, పాత పనులతో. కొత్తది రాకపోవడం సహజం. ఏళ్ళుగా అలవాటైన పని చేజారిపోతుంటేనే అనుమానించాలి.

ఇరవయ్యేళ్ళుగా రోజూ గళ్ళు నింపేవారు ఇప్పుడు ఆట నియమమే మరిచిపోతున్నారా? పాలవాడి లెక్క, చీటీ లెక్క నోటితో చెప్పేవారు తికమకపడుతున్నారా? కాసేపటి క్రితం అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారా? తెలిసిన వీధిలో దారి తప్పుతున్నారా? స్వభావం మారిపోయిందా? ఇలాంటివి నెలల తరబడి పెరుగుతుంటే డాక్టరును కలవాలి. ఇంట్లో మనిషిని వెంట తీసుకెళ్ళడం మంచిది. ఎందుకంటే మార్పు రోగికంటే ముందు వారికే తెలుస్తుంది.

అలా వచ్చినవారందరికీ అల్జీమర్సే అని కూడా కాదు. థైరాయిడ్ తగ్గడం, విటమిన్ బి12 లోపం, కుంగుబాటు, నిద్రమాత్రల వంటి కొన్ని మందులు మతిమరుపు తెప్పించవచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవారిలో బి12 తగ్గే అవకాశముంది. మందు మీరుగా ఆపకండి, పరీక్ష గురించి అడగండి. ఈ కారణాలకు చికిత్స ఉంది. వయసే కదా అని ఇంట్లో కూర్చోబెడితే ఆ అవకాశం పోతుంది.

ఇంకొకటి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి మాట తడబడినా, పేపరులో అక్షరాలు అర్థం కాకపోయినా, మూతి వంకరపోయినా, చేతిలో పెన్ను జారిపోయినా అది మతిమరుపు కాదు, పక్షవాతం కావచ్చు. తగ్గుతుందేమోనని చూడకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే పనికొస్తుంది. ఎంత ముందు వెళితే అంత మేలు.

మొదటి వారం ఇలా

ముందు చదువుకునే కళ్ళద్దాలు సరిచూసుకోండి. గళ్ళలో అంకెలు కనిపించక వచ్చే తలనొప్పికి పజిల్‌ను తిట్టుకోవద్దు.

మొదటి రెండు మూడు రోజులు పరిష్కరించే పని పెట్టుకోకండి. నిన్నటి గళ్ళు, ఈరోజు వచ్చిన జవాబులు పక్కపక్కన పెట్టుకుని, ఆ ఆధారానికి ఆ జవాబు ఎలా వచ్చిందో వెనక నుంచి విప్పండి. ఇది కాపీ కొట్టడం కాదు, నేర్చుకోవడం.

తరవాత రోజుకు రెండు ఆధారాలు తేలినా చాలనుకోండి. అడ్డంలో ఒకటి నిండితే నిలువులో ఒక అక్షరం దొరుకుతుంది.

ఒక్కరే కాకుండా ఇద్దరు కూర్చోండి. భార్యాభర్తలో, తాతా మనవరాలో. ఒకరికి పాత పదాలు తెలుస్తాయి, మరొకరికి కొత్తవి. మాటా మంతీ కలుస్తుంది. ఒంటరితనం తగ్గడం ఈ ఆటలో దక్కే పెద్ద లాభం.

అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. రాత్రి నిద్ర మానుకుని మాత్రం చెయ్యకండి.

చదువు రానివారికి ఇది దక్కదని అనుకోనక్కర్లేదు. పొడుపుకథలోనూ ఇదే మెలిక ఉంటుంది, చెప్పేది ఒకటి, అర్థం మరొకటి. మనవలతో పొడుపుకథలు విప్పడం, పులిజూదం, వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడటం, ఇవన్నీ ఆలోచనకు పని చెప్పేవే. ఆసక్తి లేనివారు బలవంతాన గళ్ళు పట్టుకోవాల్సిన పనీ లేదు. కొత్త వంటో, కొత్త భాషో, భజన బృందంలో కొత్త పాటో నేర్చుకున్నా సరే. తెలియని దాని ముందు కూర్చుని, తెలియలేదని బెంగపడకుండా కాసేపు నిలవగలగడం ముఖ్యం.

అన్నట్టు, ఆ పువ్వు మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. ‘మనసు’ మొదలు ‘మ’. దాన్ని ‘కలం’ నడుమ పెడితే కమలం. తట్టకపోయినా పర్వాలేదు. ఇలాంటిది ఇంకోటి ఎదురైతే ‘నడుమ’ అన్న మాట దగ్గర ఈసారి మీరే ఆగుతారు.