గెలిచింది మనిషా, సూటా? స్విమ్మింగ్‌లో హైటెక్ సూట్లను ఎందుకు బ్యాన్ చేశారు

ఇవాళ్టి ఎపిసోడ్ మా ఊరి బావి దగ్గర మొదలుపెడతాను. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా చిన్నాన్న ఈత నేర్పించారు. నేర్పించడం అంటే ఏం లేదు, నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి బావిలోకి తోసేయడమే. బుర్రలో గాలి ఉంటుంది కాబట్టి మునగం. కాళ్లూ చేతులూ ఆడిస్తే చాలు, ముందుకి వెళ్లిపోతాం. ఒకరోజు మా పెద్దమ్మ కొడుకుతో పందెం వేశాను. వాడు ఉత్తినే ఈదాడు, నేను బుర్రతో ఈదాను. నేనే గెలిచాను! గట్టు మీద గంతులేస్తుంటే చిన్నాన్న నవ్వి, "గెలిచింది నువ్వు కాదురా, సొరకాయ" అన్నారు.

సరిగ్గా ఇదే గొడవ 2009లో ప్రపంచ స్విమ్మింగ్‌ని ఊపేసింది. సొరకాయ బదులు అక్కడ ఉన్నది వందల డాలర్ల సూట్.

ముందు నీళ్ల సంగతి అర్థం చేసుకుందాం. గాలి కంటే నీరు సుమారు 800 రెట్లు చిక్కన. బైక్ మీద వెళ్తుంటే గాలి మనల్ని వెనక్కి తోస్తుంది కదా, నీళ్లలో అంతకంటే ఎన్నో రెట్లు తోస్తుంది. స్విమ్మర్ శక్తిలో చాలా భాగం నీటిని పక్కకి నెట్టడానికే అయిపోతుంది. శరీరం ఎంత సన్నగా, నున్నగా, నీటికి ఎంత సమాంతరంగా ఉంటే అంత వేగం. అలసిపోయినప్పుడు ఏమవుతుంది? నడుము కిందికి జారుతుంది, కాళ్లు మునుగుతాయి, వేగం పడిపోతుంది. రేసు చివరి 50 మీటర్లలో నడుముని పైనే నిలబెట్టుకోవడానికే స్విమ్మర్లు ఏళ్ల తరబడి తెల్లవారుజామున లేచి ప్రాక్టీస్ చేస్తారు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

2008 ఫిబ్రవరిలో స్పీడో కంపెనీ ఎల్‌జడ్‌ఆర్ రేసర్ అనే సూట్ తెచ్చింది. దాని బట్టలను నాసా విండ్ టన్నెల్‌లో పరీక్షించారు. కుట్లు కూడా నీటిని అడ్డుకుంటాయని, దారం వాడకుండా అల్ట్రాసౌండ్‌తో అతికించారు. కొన్ని చోట్ల పాలీయురేథేన్ పలకలు పెట్టారు. అంటే నీరు పీల్చుకోని ప్లాస్టిక్ లాంటి పదార్థం. శరీరాన్ని గట్టిగా బిగించి నున్నటి గొట్టంలా చేస్తుంది. వేసుకోవడానికే 20 నిమిషాలు పైన పట్టేది, పక్కన ఒకరు సాయం కూడా ఉండాలి.

రిజల్ట్? ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో స్విమ్మింగ్‌లో 25 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. వాటిలో 23 ఈ సూట్ వేసుకున్నవాళ్లవే.

ఇప్పుడు మిగతావాళ్ల పరిస్థితి ఆలోచించండి. జపాన్ స్విమ్మింగ్ ఫెడరేషన్‌కి వేరే మూడు కంపెనీలతో కాంట్రాక్ట్ ఉంది. వాళ్ల స్టార్ కోసుకె కితాజిమా 2008 జూన్‌లో స్పీడో సూట్ వేసుకుని 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ప్రపంచ రికార్డు కొట్టాడు. అంతే, కాంట్రాక్టుల మాట పక్కనపెట్టి, ఒలింపిక్స్‌లో ఎవరికి నచ్చిన సూట్ వాళ్లు వేసుకోవచ్చని ఫెడరేషన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ సూట్ లేకపోతే రేసు మొదలవకముందే ఓడిపోయినట్టే అని అందరికీ అర్థమైపోయింది.

పోటీ కంపెనీలు ఊరుకుంటాయా? 2009కి జేక్డ్, అరీనా కంపెనీలు పూర్తిగా పాలీయురేథేన్‌తోనే సూట్లు చేసేశాయి. నీరు లోపలికి రాదు, సూట్‌కీ చర్మానికీ మధ్య గాలి చిక్కుకునే వీలుంటుంది. శరీరం తేలికగా పైకి తేలుతుంది. మా సొరకాయ బుర్ర గుర్తొచ్చిందా?

2009 జులై, రోమ్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్. ఈ కథలో అసలు మలుపు ఇక్కడే. బీజింగ్‌లో ఎనిమిది గోల్డ్ మెడల్స్ కొట్టిన మైకేల్ ఫెల్ప్స్ ఒక పక్క. జర్మనీకి చెందిన పాల్ బీడర్‌మన్ ఇంకో పక్క. బీజింగ్‌లో ఇదే 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో బీడర్‌మన్ ఐదోవాడు, టైమ్ 1 నిమిషం 46.00 సెకన్లు. ఫెల్ప్స్ టైమ్ 1 నిమిషం 42.96 సెకన్లు, ప్రపంచ రికార్డు. రోమ్‌కి ఫెల్ప్స్ పాత స్పీడో సూట్‌తోనే వచ్చాడు. బీడర్‌మన్ కొత్త అరీనా సూట్ వేసుకున్నాడు. బీడర్‌మన్ 1 నిమిషం 42.00 సెకన్లకి గోడ తాకాడు. ఫెల్ప్స్ సెకను పైన వెనకబడ్డాడు. ఒక్క ఏడాదిలో నాలుగు సెకన్లు తగ్గించడం అంటే, ఆ స్థాయిలో ఇంచుమించు అసాధ్యం.

బీడర్‌మన్ దొంగ కాదు ఫ్రెండ్స్, ఇది గమనించండి. రూల్ ప్రకారమే ఈదాడు. పైగా, సూట్ వల్ల తేడా ఉందని, ఈ సూట్లు లేకుండా ఫెల్ప్స్‌ని ఓడించే రోజు రావాలని తనే నిజాయితీగా చెప్పాడు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. జీవితంలో అతి పెద్ద విజయం సాధించిన రోజున, ఇది నాదేనా అనే అనుమానం ఆ మనిషికే మిగిలింది. ఫెల్ప్స్ కోచ్ బాబ్ బోమన్ అయితే, ఈ సూట్లు పోయేదాకా ఫెల్ప్స్‌ని ఇంటర్నేషనల్ పోటీలకి పంపకపోవచ్చని కోపంగా అన్నాడు.

విచిత్రం ఏంటంటే, ఆ రేసుకి నాలుగు రోజుల ముందే, జులై 24న, అదే రోమ్‌లో సూట్లను బ్యాన్ చేయాలని ఓటింగ్ అయిపోయింది. అప్పటి ఫినా, ఇప్పుడు వరల్డ్ అక్వాటిక్స్ అంటున్నాం, ఆ సంస్థ సభ్య దేశాల్లో 168 బ్యాన్ కావాలన్నాయి, 6 వద్దన్నాయి. కానీ అమలు మాత్రం 2010 జనవరి 1 నుంచి. దాంతో రోమ్‌లో ఆ ఒక్క పోటీలోనే 43 ప్రపంచ రికార్డులు పోయాయి.

కొత్త రూల్ సింపుల్. మగవాళ్లకి నడుము నుంచి మోకాలు దాకా, ఆడవాళ్లకి భుజాల నుంచి మోకాలు దాకా మాత్రమే సూట్. నేసిన బట్టే వాడాలి, జిప్ ఉండకూడదు. మందం 0.8 మిల్లీమీటర్లు దాటకూడదు. సూట్ తేల్చే బలం 0.5 న్యూటన్లు మించకూడదు, అంటే సుమారు 50 గ్రాముల బరువుని మోసేంత.

ఇక్కడ మీలో కొందరు అడుగుతారు. అన్నా, గాగుల్స్ టెక్నాలజీ కాదా? స్టార్టింగ్ బ్లాక్ వెనక కాలు ఆనించే వాలు పలక టెక్నాలజీ కాదా? అవి ఓకే, సూట్ ఎందుకు కాదు? మంచి ప్రశ్న. బ్లాక్ పోటీలో ఉన్న అందరికీ ఒకటే. గాగుల్స్ పెట్టుకుంటే కళ్లు కనిపిస్తాయి, నడుము పైకి లేవదు. సూట్ మాత్రం ప్రాక్టీస్‌తో సంపాదించాల్సిన దాన్నే కొనిపెట్టేస్తోంది. చివరి 50 మీటర్లలో నడుము జారకుండా నిలబెట్టే కండబలం గురించి ఇందాక చెప్పాను కదా, అది సూట్ చేసిపెడితే ఇక పోటీ దేని మీద? 1979లో పెర్త్ టెస్ట్‌లో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగితే గొడవైంది, తర్వాత బ్యాట్ చెక్కతోనే ఉండాలని రూల్ రాశారు. ప్రతి ఆటా ఎక్కడో ఒకచోట గీత గీసుకోక తప్పదు.

బ్యాన్ తర్వాత ఏమైంది? 2010లో 50 మీటర్ల పూల్‌లో ఒక్క ప్రపంచ రికార్డు కూడా రాలేదు. 2011 షాంఘై వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో రయాన్ లోక్టి 200 మీటర్ల మెడ్లీలో మొదటిది కొట్టాడు. అదే షాంఘైలో 200 ఫ్రీస్టైల్‌లో లోక్టి ఫస్ట్, ఫెల్ప్స్ సెకండ్, బీడర్‌మన్ థర్డ్. బీడర్‌మన్ టైమ్ 1 నిమిషం 44.88 సెకన్లు. రోమ్‌లో కంటే దాదాపు మూడు సెకన్లు ఎక్కువ. కానీ చూడండి, బట్ట సూట్‌తో కూడా ప్రపంచంలో మూడోవాడు! ఫెల్ప్స్‌కీ అతనికీ తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. అతని అసలు సత్తా ఏంటో లోకానికి చూపించింది ఈ మెడలే అని నా అభిప్రాయం.

బ్యాన్‌తో అన్నీ సరైపోయాయని నేను చెప్పను. మంచి రేసింగ్ సూట్లు ఇప్పటికీ ఖరీదే. 2009 రికార్డులను కూడా కొట్టేయలేదు, పక్కన చుక్క గుర్తు కూడా పెట్టలేదు. దాని భారం తర్వాత వచ్చిన పిల్లల మీద పడింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 200 ఫ్రీస్టైల్ గోల్డ్ టైమ్ 1 నిమిషం 44.72 సెకన్లు. బీడర్‌మన్ 2009 టైమ్‌కి ఇంకా అంత దూరం.

అయినా పిల్లలు వదల్లేదు. సీజర్ సియెలో 2009లో రోమ్‌లో 100 ఫ్రీస్టైల్‌ని 46.91 సెకన్లలో ఈదాడు. 13 ఏళ్ల తర్వాత, 2022లో, మళ్లీ అదే రోమ్‌లో, రొమేనియాకి చెందిన 17 ఏళ్ల డేవిడ్ పొపోవిచి మోకాలి దాకా ఉన్న బట్ట సూట్‌తో 46.86 కొట్టాడు. తేడా 0.05 సెకన్లు. కన్ను ఆర్పేంత కూడా లేదు. కానీ అది ఎవరిదో ఎవరూ అడగక్కర్లేదు.

మా పెద్దమ్మ కొడుకు ఇప్పటికీ నాకంటే బాగా ఈదుతాడు. బుర్ర విప్పేశాక వాడిని ఒక్కసారి కూడా గెలవలేకపోయాను. మరి మీరు చెప్పండి, ఆటలో టెక్నాలజీకి గీత ఎక్కడ గీయాలి? ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.